సింహముఖం షాపుకి నలుచదరపు డ్రాయింగు

బెంగళూరులో పదమూడేళ్ళుగా షాపుల ఇంటీరియర్లకి డ్రాయింగులు గీస్తున్నాను. ముగ్గురుండే ఆఫీసు మాది. చీరల షాపులు, మందుల షాపులు, కళ్ళద్దాల షాపులు, అప్పుడప్పుడు ఒక నగల కొట్టు. ఈ కేసులో తప్పంతా కలిపి 180 మిల్లీమీటర్లు, అంటే ఏడంగుళాలు. ఆ ఏడంగుళాల సంగతి మొదటి రోజే నా చెవిన పడింది. నేనే పట్టించుకోలేదు. షావుకారు పేరు, షాపు పేరు, ఏరియా వదిలేశాను. కొలతలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఇచ్చాను.

నేపథ్యం

దక్షిణ బెంగళూరులో బట్టల షాపులు వరసగా ఉండే ఒక రోడ్డు. పాత బిల్డింగు, గ్రౌండ్ ఫ్లోరు. షావుకారుది రాయలసీమ. చిక్‌పేటలో చిన్న కొట్టు పెట్టుకుని పైకొచ్చిన మనిషి. ధర్మవరం, వెంకటగిరి, మంగళగిరి, కంచి, అన్నీ అమ్ముతారు. కొత్త షోరూము శ్రావణమాసం మొదటి శుక్రవారం తెరవాలని ముహూర్తం పెట్టించుకున్నారు. షాపు మా చేతికొచ్చేసరికి 45 రోజులున్నాయి.

షట్టరు ఎత్తగానే ఆయన అన్న మాట ఇది: "సింహముఖం సార్ ఇది. ముందర వెడల్పు, ఎనక సన్నం. యాపారానికి ఇంతకంటే ఏం కావల్ల? అందుకే అడ్వాన్సు ఎక్కువైనా వదల్లేదు."

నేను తలూపాను. వాస్తు మాటలు రోజూ వింటాం. ఈశాన్యంలో బరువు పెట్టొద్దంటారు, గల్లాపెట్టె ఇటు తిరిగుండాలంటారు. వాటిని ఒక చెవిన వేసుకుని, ప్లానులో సర్దేసి, ముందుకెళ్ళిపోవడం అలవాటైంది. ఆయన చెప్పింది నమ్మకం కాదనీ, కొలత అనీ నాకు తట్టలేదు.

లేజరు మీటరుతో ముందు వెడల్పు కొలిచాను: 6140 మి.మీ. (ఇకమీద వట్టి అంకెలన్నీ మిల్లీమీటర్లే.) ఎడమ గోడ వెంట లోతు 15600. వెనకవైపు అంతకుముందు అద్దెకున్నవాళ్ళు కట్టిన ప్లైవుడ్ అడ్డగోడ ఉంది, దాని వెనక సామాను కుప్ప. అక్కడ కొలవాలంటే అదంతా తీయించాలి. బిల్డింగ్ ఓనరు శాంక్షన్ ప్లాను జిరాక్సు ఇచ్చాడు. అందులో 20 అడుగులు, 51 అడుగులు అని నీటుగా ఉంది. అంటే 6096, 15545. నా కొలతలకీ దానికీ 44, 55 మిల్లీమీటర్ల తేడా. కట్టేటప్పుడు ఆ మాత్రం అటూ ఇటూ అవుతుందిలే అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, నన్ను ముంచింది ఆ జిరాక్సే. అసలు ప్లానే లేకపోయుంటే వెనక కూడా కొలిచేవాణ్ణి. రెండు వైపులే కొలిచి, ఆ రెండు కొలతలూ ప్లానుకి దగ్గరగా ఉన్నాయని మిగతా రెండు వైపులూ నమ్మేశాను.

ఆఫీసుకొచ్చి ఆటోకాడ్‌లో, అంటే మేం డ్రాయింగులు గీసే సాఫ్ట్‌వేర్‌లో, ఎఫ్8 నొక్కి, ఆర్థో ఆన్ చేసి, నాలుగు గీతలు గీశాం. ఆర్థో ఆన్‌లో ఉంటే గీత అడ్డంగానో నిలువుగానో తప్ప పోదు. బెంగళూరు పాత గోడలకి ఆ కట్టుబాటు లేదు.

లేఅవుటు ఇలా వచ్చింది. ఎడమ గోడకి 450 లోతు ర్యాకులు, సేల్స్ వాళ్ళు తిరగడానికి 700, చీరలు పరిచే తెల్లపరుపు గద్దె 1200. నడుమ కస్టమర్లకి 2040. కుడివైపు 600 కౌంటరు, దాని వెనక 700, కుడి గోడకి మళ్ళీ 450 ర్యాకులు. అన్నీ కూడితే సరిగ్గా 6140. కాయితం మీద లెక్క ఇంత చక్కగా కుదిరితే ఇప్పుడు నాకు అనుమానం వస్తుంది. అప్పుడు సంతోషమేసింది. చివర గోడకి, రెండు వైపుల ర్యాకుల మధ్య, పెళ్ళిచీరల యూనిట్: 5240 వెడల్పు. 1200వి నాలుగు గళ్ళు, అటూ ఇటూ 220 నిలువు ప్యానెళ్ళు. గళ్ళలో టఫెన్డ్ గాజు (వేడి చేసి గట్టిపరిచిన గాజు) అరలు. ఆ ప్యానెళ్ళ లోపల లైట్ల డ్రైవర్లు (లైట్లకి తగ్గట్టు కరెంటు సర్దే చిన్న పెట్టెలు), వైర్లు.

సమస్య

27వ రోజు ఫ్యాక్టరీ నుంచి పెళ్ళిచీరల యూనిట్ వచ్చింది. అప్పటికి ఎడమ ర్యాకులు బిగించేశారు, కుడివి విప్పకుండా ఉన్నాయి. మధ్యాహ్నం మూడింటికి సైట్ నుంచి ఫోను. మిస్త్రీ రాజస్థాన్ మనిషి, మర్యాదస్తుడు. "సాబ్, మాల్ ఏడు ఇంచీలు పెద్దదొచ్చింది" అన్నాడు. రెండు మూడు సూతుల తేడాకి ఆయన ఫోను చేయడు. సూతంటే అంగుళంలో ఎనిమిదో వంతు. ఏడంగుళాలనగానే ఫ్యాక్టరీవాళ్ళు తప్పు చేశారనుకుని వాళ్ళమీద ఎగిరాను. వాళ్ళు మా డ్రాయింగు ఫోటో తీసి పంపారు. 5240. వాళ్ళు చేసింది 5240.

సైట్‌కి వెళ్ళి వెనక గోడ కొలిస్తే 5960. ఎడమ ర్యాకు 450, కుడి ర్యాకు 450 పోతే మిగిలేది 5060.

ముందు 6140, వెనక 5960. పదిహేను మీటర్ల లోతులో 180 సన్నబడింది. కోణం లెక్కేస్తే డిగ్రీలో మూడింట రెండు వంతులు. కంటికి ఆనదు. షావుకారు నా పక్కనే నిలబడి, "నేను చెప్తిని గదా సార్ సింహముఖమని" అన్నారు. కోపంగా కాదు, ఆశ్చర్యంగా. తర్వాత పద్దుల పుస్తకంలోంచి మడత పెట్టిన కాయితం తీశారు. నాలుగు మూలలా పసుపు పూసి ఉంది. అద్దెకి తీసుకునే ముందు వాస్తు సిద్ధాంతి వచ్చి నాలుగు వైపులా టేపు పట్టి రాసిచ్చినది. ముందర 20 అడుగుల 2 అంగుళాలు, వెనక 19 అడుగుల 7 అంగుళాలు. వంద రూపాయల టేపుతో ఆయన తేల్చింది, పదివేల లేజరు మీటరుతో నేను తేల్చలేదు.

బోర్డు ఒక్కటే ఎక్కడా ఇబ్బంది పెట్టలేదు. కర్ణాటకలో 2024 సవరణ ప్రకారం బోర్డులో 60 శాతం కన్నడం ఉండాలి, అదీ పైభాగంలో. ఆయన తెలుగులో కూడా రాయించాలని పట్టుబట్టారు. కింది 40 శాతంలోనే ఇంగ్లీషూ తెలుగూ ఇరికించడానికి నాలుగు సార్లు గీశాం. దాని పొడవు మాత్రం గోడకి గోడ సరిపోయింది. మేం కొలిచింది ముందు వైపే కదా.

ఏం చేసి చూశాం, ఏది బెడిసింది

కాంట్రాక్టరు కన్నడ మనిషి, పని ఆగితే నిద్ర పట్టదు ఆయనకి. నేను చేరేలోపే ఒక నిర్ణయం తీసేసుకున్నాడు: 180ని నాలుగు గళ్ళకి పంచితే ఒక్కోటి 45 తగ్గించాలి. మొదటి గడి అప్పటికే కోసేశారు. లెక్క తప్పు కాదు. అందంగా కూడా ఉండేది, నాలుగూ సమానంగా తగ్గేవి. కానీ అరలు టఫెన్డ్ గాజువి. టఫెన్ చేశాక గాజుని కోయడం కుదరదు, కోయబోతే మొత్తం పలుకులై రాలిపోతుంది. అన్నీ కొత్తగా చేయించాలంటే మళ్ళీ ఆర్డరు, మళ్ళీ రోజులు. ఒక గడి పాడైపోయాక ఆపించాను.

ఎవరో ప్లాస్టరు చెక్కేద్దామన్నారు. ప్లాస్టరు ఎంత మందమని, 180 చెక్కడానికి? అవతల ఇంకొకరి షాపు. దాని గురించి రెండో మాట మాట్లాడలేదు.

రెండో దెబ్బ మా ఆఫీసులోనే తగిలింది. ఇదే నాకు ఎక్కువ నొప్పి. ఆ సాయంత్రం మా జూనియర్ కుర్రాడికి ఫోన్ చేసి, "వెనక యూనిట్ 5060కి రివైజ్ చేసి పంపు తమ్ముడూ" అన్నాను. రాత్రి పదింటికి పీడీఎఫ్ అందరికీ వెళ్ళిపోయింది. తెల్లారి దాన్ని పెద్దది చేసి చూస్తే ఏదో తేడాగా ఉంది. డైమెన్షను, అంటే గీత పక్కన కనబడే కొలత, 5060 అని చూపిస్తోంది, గళ్ళు మాత్రం కదల్లేదు. ఫైలు తెరిచి ఆ డైమెన్షను మీద రెండుసార్లు నొక్కాను. అంకె టైపు చేసి ఉంది. గీత 5240 పొడవే. పైన రాసింది మాత్రం 5060.

ఆటోకాడ్‌లో డైమెన్షను తనంతట తానే గీతని కొలిచి అంకె చూపిస్తుంది. దానిమీద మనం చేత్తో అంకె కొట్టేస్తే, ఆ క్షణం నుంచి అది కొలవడం మానేస్తుంది. వట్టి అక్షరాలుగా మిగిలిపోతుంది. కాయితం చదివేవాడికి ఒక షాపు, ఫైలు తెరిచి కొలుచుకునేవాడికి ఇంకో షాపు. సీలింగు మేస్త్రీ రెండో రకం. డీడబ్ల్యూజీ ఫైలు (ఆటోకాడ్ అసలు ఫైలు) ఫోన్లో తెరిచి తనే కొలుచుకుంటాడు. కౌంటరు మీది ట్రాక్ లైట్ల కోసం ఎడమ గోడనుంచి 4690 దగ్గర కడ్డీలు దించేశాడు. పాత నలుచదరపు లెక్కలో కౌంటరు నడుమ అదే. కుడివైపు ఇంకా ఏం జరపాలో మేం తేల్చనే లేదు. ఆయనకి అది తెలియాల్సిన దారీ లేదు, ఎందుకంటే మా సీలింగ్ ప్లాను ఫ్లోర్ ప్లానుకి కాపీ. ఒకప్పుడు అతికించి దానిమీద విడిగా గీసింది. ఫ్లోర్ ప్లానులో గోడ జరిగితే సీలింగు ప్లానుకి కబురు అందదు.

కుర్రాణ్ణి ఏమీ అనలేదు. నేను కూడా తొందరలో అలా అంకెలు కొట్టినవాణ్ణే. ఆ పొద్దున మొత్తం ఫైల్లో క్విక్ సెలెక్ట్ పెట్టి, డైమెన్షన్లలో టెక్స్ట్ ఓవర్‌రైడ్ (చేత్తో కొట్టిన అంకె) ఖాళీగా లేనివన్నీ పట్టమన్నాను. ఇరవై మూడు వెలిగాయి. వాటిలో కుర్రాడివి ఆరు. మిగతావి నావి.

ఇంకో సంగతి. మా ప్రతి షీటు కింద "కొలతలు సైట్‌లో సరిచూసుకోవలెను" అని ఒక వాక్యం ఉంటుంది. ఆ రోజు ఫ్యాక్టరీవాళ్ళతో నేను దాన్నే చదివి వినిపించాను. పీణ్య పారిశ్రామికవాడలో షెడ్డులో కూర్చుని చెక్క కోసేవాడు నా సైట్‌కొచ్చి ఎలా సరిచూసుకుంటాడు? అది గీసేవాళ్ళు దాక్కునే వాక్యం. ఫోను పెట్టేశాక సిగ్గేసి మళ్ళీ చేసి క్షమించమన్నాను.

ఏది పనిచేసింది

ఒక రోజు అందరి పనీ ఆపించాను. కాంట్రాక్టరు గింజుకున్నాడు. కానీ ఏ గోడ వాలిందో తెలియకుండా ఏం జరిపినా గుడ్డిదెబ్బే.

ముందూ వెనకా వెడల్పులు తెలిస్తే సరిపోదు. రెండు గోడలూ సమానంగా లోపలికొచ్చినా 180 తగ్గుతుంది, ఒక్కటే వచ్చినా 180 తగ్గుతుంది. అది తేల్చేది ఐమూలలు. ముందు ఎడమ మూలనుంచి వెనక కుడి మూలకి 16700 వచ్చింది. ముందు కుడినుంచి వెనక ఎడమకి 16765. రెండిటికీ 65 తేడా. రెండు గోడలూ సమానంగా వాలి ఉంటే ఐమూలలు సమానంగా వచ్చేవి. మేస్త్రీలు ఐమూలలు కలిస్తే మూలమట్టం సరిపోయినట్టేనంటారు. ముందూ వెనకా వెడల్పులు ఒకటైనప్పుడే ఆ మాట చెల్లుతుంది. మనకొచ్చిన లెక్క ప్రకారం ఎడమ గోడ ముందు గీతకి లంబంగా ఉంది, తప్పంతా కుడి గోడది.

తర్వాత నేలమీద ఒక ఆధారగీత పెట్టాం. ఎడమ గోడకి మీటరు దూరంలో, ముందు గ్లాసు గీతనుంచి 9, 12, 15 అడుగుల త్రిభుజం పెట్టి లంబం తీసి, రంగుదారం కొట్టాం. నీలం గీత షాపు చివరిదాకా పోయింది. మొదట్లో కాంక్రీటు మేకు. ప్రతి 1200కీ ఒక గుర్తు, మొత్తం పద్నాలుగు. ప్రతి గుర్తు దగ్గరా ఎడమ గోడకెంత, కుడి గోడకెంత, అదీ మూడు ఎత్తుల్లో: నేలమీద, మీటరు దగ్గర, 2400 దగ్గర. గోడలు పడుకున్నప్పుడే కాదు, నిలబడినప్పుడూ వంకరగా ఉంటాయి. ఎడమ గోడ మొత్తంలో 8 మిల్లీమీటర్లకి మించి తప్పలేదు. కుడి గోడ తిన్నగానే లోపలికొస్తూ, నడుమ స్తంభం దగ్గర ఇంకో 25 పొట్ట పెట్టింది. మీటరు ఎత్తులో చుట్టూ రసమట్టంతో గీత కొట్టించాను. సీలింగు, ర్యాకులు, స్విచ్చులు, ఎవరి ఎత్తయినా దాన్నుంచే.

ఆఫీసులో ఈసారి ఆర్థో ముట్టలేదు. స్కూల్లో వృత్తలేఖినితో త్రిభుజం గీసినట్టే. రెండు తెలిసిన బిందువులు, వాటినుంచి రెండు దూరాలు, రెండు వృత్తాలు, అవి ఖండించుకున్న చోట మూల. అలా ఉన్న గోడలు ఒక్క ఫైల్లో గీసి, లేయరు లాక్ చేసి, ఫ్లోరు, సీలింగు, ఎలక్ట్రికల్, ఎలివేషన్లు అన్నిటిలోకీ దాన్నే ఎక్స్‌రెఫ్‌గా, అంటే కాపీ కాకుండా లింకుగా, తెచ్చాం. ఇక గోడ జరిగితే అన్ని షీట్లలోనూ జరుగుతుంది. ఓవర్‌రైడ్ ఉన్న ఇరవై మూడూ చెరిపేసి మళ్ళీ పెట్టాం.

అసలు నిర్ణయం: ఈ 180ని ఎక్కడ దాచాలి?

రెండు దార్లున్నాయి. గోడలు ఎలా పోతే ర్యాకులూ అలాగే పోనివ్వడం ఒకటి. అప్పుడు నడవా ముందు 2040, వెనక 1860. నడిచేవాళ్ళకి తెలియదు. కానీ సీలింగులో కోవ్ (లైట్లు దాచే గాడి) గీతలు ఎడమ గోడకి సమాంతరంగా అప్పటికే అయిపోయాయి. కింద కౌంటరు ఒక దారి, పైన లైట్లు ఒక దారి అవుతాయి. చీరల షాపులో లైటు తప్పితే చీర తప్పినట్టే. జరీ రంగు తేడాగా కనబడితే "ఎండలో చూపించమ్మా" అని కస్టమరు చీర పట్టుకుని గుమ్మంలోకి నడుస్తుంది.

రెండోది, కుడి ర్యాకుల ముఖాన్ని ఎడమదానికి సమాంతరంగా తిన్నగా నిలబెట్టడం. వెనక మూల దగ్గర గోడకి ఆనించి, ముందుకొచ్చేకొద్దీ గోడకీ ర్యాకుకీ మధ్య సందు పెరిగి 180 అవుతుంది. నడవా మొత్తం 1860. స్టూళ్ళు పోను 1460 ఉంటుంది. ఇద్దరు సంచులతో ఎదురుపడినా తప్పుకోవచ్చు. వీల్‌చెయిర్ పూర్తిగా తిప్పాలంటే 1500 వృత్తం కావాలి, ఒక స్టూలు జరిపితే సరి. ఇది పట్టుకున్నాను. ఎడమ ర్యాకులు బిగించేసి ఉండటం కూడా ఒక కారణమేనని ఒప్పుకోవాలి. వెనక సందులోంచి కరెంటు పైపులు, ఏసీ నీళ్ళ పైపు తీసుకెళ్ళాం.  ముందు చివర 180 సందుకి తాళంతో సన్నటి తలుపు పెట్టాం.

పెళ్ళిచీరల యూనిట్‌లో గళ్ళు ముట్టుకోలేదు. అటూ ఇటూ 220 ప్యానెళ్ళు 130కి తగ్గించాం. 4800కి 260 కలిపితే 5060. ప్యానెళ్ళు వట్టి ప్లైవుడ్డు, పైన లామినేటు, రంపానికి లొంగుతాయి. వాటిలో ఉండాల్సిన డ్రైవర్లని అటకమీదికి మార్చాం. ఇంత తేలికైన జవాబు మొదటి సాయంత్రమే ఎందుకు రాలేదని షావుకారు అడిగారు. ప్యానెళ్ళు తగ్గించాలంటే కుడి ర్యాకు ఎక్కడ నిలబడుతుందో తెలియాలి, అది తెలియాలంటే కుడి గోడ ఎటు పోతుందో తెలియాలి. కోసేసిన గడి ఒకటి కొత్తగా చేయించాం, ఆ ఖర్చు నేను పెట్టుకున్నాను. కౌంటరు నడుమ ఇప్పుడు 4510. ట్రాక్ కడ్డీలు 180 జరిపించాం. జరపకపోతే సేల్స్ అమ్మాయి ముందుకి వంగిన ప్రతిసారీ ఆమె తల నీడ చీర మీద పడేది.

మొదటి శుక్రవారం దాటిపోయింది. వరలక్ష్మీ వ్రతానికి ముందు బుధవారం పాలు పొంగించారు.

తర్వాత ఏం మార్చుకున్నాం

అడ్డగోడలూ సామానూ తీయించకుండా కొలతలకి వెళ్ళడం మానేశాం. అది కుదరకపోతే వెనక భాగం డ్రాయింగులో గళ్ళ గీతలు కొట్టి "కొలవలేదు" అని రాసి పంపుతాం. చదివేవాడికి ఆ రెండు మాటలు "సరిచూసుకోవలెను" కన్నా ఎక్కువ పనికొస్తాయి. గోడకి గోడ పట్టే ఏ యూనిట్‌కైనా అటూ ఇటూ కోయడానికి వీలైన ప్యానెలు ఉంచుతాం. ఇక్కడ అది అదృష్టవశాత్తూ ఉంది, ఇప్పుడు కావాలని పెడుతున్నాం. బయటికి పోయే ముందు ప్రతి ఫైల్లో ఓవర్‌రైడ్లు వెతకడం జూనియర్ పని, నా ఫైళ్ళలో కూడా. షావుకారుని మొదటి రోజే వాస్తు కాయితం అడుగుతాను. చాలామంది దగ్గర ఉంటుంది.

సరిచేయలేకపోయింది ఒకటుంది. నేలమీద 600 టైల్స్. అవి మేం తప్పు కనుక్కునేలోపే పరిచేశారు. టైల్స్ మేస్త్రీ కుడి గోడని ఆనవాలు పట్టుకుని మొదలెట్టాడు. అంటే నేలమీద వరసలు కుడి గోడకి సమాంతరం, కౌంటరు ఎడమ గోడకి సమాంతరం. కౌంటరు వెనక నిలబడి చూస్తే, షాపు లోపలికి పోయేకొద్దీ టైల్ గీత కౌంటరు పాదంలోకి దూరిపోతుంది. మళ్ళీ పరచడానికి డబ్బూ లేదు, రోజులూ లేవు. షావుకారుకి చెప్పాను. ఎవురు చూస్తారు సార్, అందరూ చీరలే చూస్తారన్నారు.

పోయిన ఉగాదికి మా ఆవిడతో చీర కొనడానికి వెళ్ళాం. కౌంటరు వెనక పొద్దస్తమానం నిలబడే అమ్మాయి ఒకామె చీర మడతపెడుతూ, "సార్, ఈ టైల్స్ వంకరగా పోతున్నాయి కదా. మీరే వేయించారా?" అని అడిగింది.

అవునన్నాను.